నాలుగు రోజుల్లో భువనేశ్వర్, కోణార్క్, పూరీ: కుటుంబంతో వెళితే మురిపించేవి, ఉసూరుమనిపించేవి

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ. విశాఖపట్నం నుంచి మీ దంపతులు, పదేళ్ల బాబు, ఆరేళ్ల పాప, మోకాళ్ల నొప్పులున్న మీ అత్తగారు కలిసి డిసెంబరులో నాలుగు రోజులపాటు భువనేశ్వర్, కటక్, కోణార్క్, పూరీ, చిలికా చుట్టి రావాలనుకుంటున్నారు. అన్నీ కుదురుతాయా, వాటిలో నిజంగా చూడదగినది ఏది, పేరుకే గొప్పది ఏది అని అడిగారు.

అన్నీ కుదరవు. కటక్‌ను, చిలికాను ఈసారికి వదిలేయండి. మిగిలిన మూడింటికి నాలుగు రోజులు సరిగ్గా సరిపోతాయి. మొదటి రెండు రాత్రులు భువనేశ్వర్‌లో, మూడో రాత్రి పూరీలో బస పెట్టుకుని, కోణార్క్‌ను ఆ రెండు ఊళ్ల నడుమ దారిలో చూడండి. ఏది చూడదగినదని అడిగారు కాబట్టి నా అభిప్రాయాన్ని కూడా ముందే చెబుతాను. మీ పిల్లలకు ఎక్కువ కాలం గుర్తుండిపోయేవి బహుశా ఉదయగిరి గుహలు, పూరీ గుడి శిఖరం మీద సాయంత్రం జెండా మార్చే దృశ్యం. పెద్దలను ఎక్కువగా మురిపించేది ముక్తేశ్వరాలయం. ఎక్కువ మంది ఉసూరుమంటూ తిరిగి వచ్చేది మిట్టమధ్యాహ్నం చూసిన కోణార్క్ నుంచి, సెలవు రోజున క్యూలో నిలబడిన పూరీ దర్శనం నుంచి.

నేను చాలాకాలం కళాశాలలో చరిత్ర బోధించాను. మొదట విద్యార్థులను, తరువాత బంధువులను, తెలిసిన కుటుంబాలను ఈ దారిన తీసుకువెళుతూనే ఉన్నాను. ఇన్నేళ్లలో నాకు స్థిరపడిన అభిప్రాయం ఒక్కటే: ఈ ఊళ్లలో నిరాశ కలిగితే అది చూసిన స్థలం వల్ల కాక, చూసిన వేళ వల్ల కలుగుతుంది. ఒకే గుడి ఉదయం ఏడింటికి ఒకలా, మధ్యాహ్నం ఒంటిగంటకు ఇంకోలా ఉంటుంది. పసిపిల్లలు, పెద్దవారు వెంట ఉన్నప్పుడు ఆ తేడా నాలుగింతలవుతుంది. అందుచేత ఏయే చోట్లు చూడాలనే జాబితా కంటే, ఏ చోటిని ఏ గంటకు చూడాలనేదే మీరు ముందు తేల్చుకోవాలి.

కటక్‌ను ఎందుకు వద్దన్నానంటే, భువనేశ్వర్‌కు ముప్పై కిలోమీటర్లలోపే ఉన్నా, ఆ ఊరి గొప్పతనం పిల్లలకు కంటికి కనిపించే రూపంలో లేదు. గంగరాజుల రాజధానిగా వెలిగిన బారాబతి కోటలో నేడు మిగిలినవి కందకం, ఒక ద్వారం, కూలిన రాజభవనం దిబ్బ. వెండి తీగ పనికి కటక్ పెట్టింది పేరు కాబట్టి, నగలు కొనే ఉద్దేశం ఉంటే తప్ప అక్కడ పూట గడపడం దండగ. చిలికా సంగతి వేరు. అది నిజంగా చూడదగిన సరస్సు. అయితే పూరీ నుంచి సాతపడా రేవుకు పోనూరానూ సుమారు వంద కిలోమీటర్లు, అక్కడ పడవలో మరి కొన్ని గంటలు కలిపితే ఒక రోజంతా హరించుకుపోతుంది. అంతా చేసిన తరువాత డాల్ఫిన్లు కనిపిస్తాయన్న పూచీ కూడా లేదు. విశాఖవాసులకు చిలికా ఎలాగూ దగ్గరే. మన రైలు మార్గం ఆ సరస్సు ఒడ్డునే సాగుతుంది కాబట్టి, మరోసారి శని ఆదివారాల్లో బలుగావ్ స్టేషన్‌లో దిగి చూసి రావచ్చు. ఈసారికి కిటికీ లోంచి చూపించండి. పగటి బండి ఎక్కితే, బరంపురం దాటిన కొంతసేపటికి కుడివైపు నీళ్లు కనిపిస్తాయి.

బయలుదేరడానికి ముందు వచ్చే ఏదో ఒక ఆదివారం సింహాచలం వెళ్లి రండి. దర్శనానికి ఎన్నోసార్లు వెళ్లి ఉంటారు. ఈసారి గర్భాలయం చుట్టూ బయటి గోడల మీది శిల్పాన్ని తీరికగా చూడండి. కోణార్క్ సూర్యదేవాలయాన్ని కట్టించిన తూర్పు గంగరాజు మొదటి నరసింహదేవుడి పేరుతోనే మన సింహాచలం ఆలయపు 13వ శతాబ్ది పునర్నిర్మాణం కూడా ముడిపడి ఉంది. పూరీ జగన్నాథాలయాన్ని తలపెట్టిన అనంతవర్మ చోడగంగదేవుడైతే మనకు మరీ దగ్గరివాడు. ఆయన వంశీయుల పాత రాజధాని కళింగనగరం, అంటే వంశధార ఒడ్డున శ్రీకాకుళం జిల్లాలోని నేటి ముఖలింగం. రాజధాని అక్కడి నుంచి కటక్‌కు తరలింది ఆయన కాలంలోనే. ఈ సంగతి తెలిసి వెళ్లిన కుటుంబానికి ఒడిశా పరాయి రాష్ట్రంగా అనిపించదు. మన ఇలాకాలో పుట్టిన రాజులు ఉత్తరానికి వెళ్లి ఏం కట్టారో చూసి రావడానికి వెళుతున్నామన్న కుతూహలం పిల్లల్లో కలుగుతుంది, ఆ కుతూహలం ఉంటే ఎండ సగం తగ్గినట్టే.

ఇంకొక చిన్న సంగతి చెబుతాను. ఇది బాబుకు పనికొస్తుంది. కోణార్క్ కట్టడంలో ఎక్కువ భాగం ఖోండలైట్ రాయి. సింహాచలం కొండ, కైలాసగిరి, యారాడ కొండ అన్నీ ఆ జాతి రాళ్లే. కైలాసగిరి దారిలో ఎర్రగా, పొడిపొడిగా రాలే రాతిని ఒకసారి చేత్తో తాకించండి. సముద్రపు ఉప్పుగాలికి ఏడున్నర శతాబ్దాలుగా కోణార్క్ శిల్పాల ముక్కుచెవులు ఎందుకు అరిగిపోయాయో అక్కడ ఎవరూ చెప్పకుండానే అర్థమవుతుంది.

ఇక మొదటి రోజు. ఉదయపు బండి ఎక్కితే, సుమారు 440 కిలోమీటర్ల దూరాన్ని బండిని బట్టి ఆరేడు గంటల్లో దాటి మధ్యాహ్నానికి భువనేశ్వర్ చేరతారు.  రాత్రి బండిలో వెళితే ఒక పగలు కలిసివస్తుందని చాలామంది లెక్క వేస్తారు గాని, తెల్లవారుజామున మూడింటికో నాలుగింటికో నిద్రకళ్లతో దిగి, హోటల్లో గది మధ్యాహ్నానికి గాని ఇవ్వరని తెలిసి, సామాను పక్కన కూర్చున్న కుటుంబాలను చూశాను. ఆ కలిసివచ్చిన పగలంతా చిరాకుతోనే పోతుంది. మీ అత్తగారి దృష్ట్యా పగటి బండే మేలు.

ఆ సాయంత్రం పాతబస్తీకి మాత్రమే వెళ్లండి. అక్కడ పరశురామేశ్వరం, ముక్తేశ్వరం, రాజారాణి, బిందుసాగర్ కోనేరు, లింగరాజస్వామి ఆలయం అన్నీ ఒకదానికొకటి దగ్గర్లోనే ఉంటాయి. అన్నీ దగ్గర ఉన్నాయి కదా అని అన్నింటిలోకీ దూరితే మూడో గుడికల్లా పాప మారాం మొదలుపెడుతుంది. నా సలహా: ముక్తేశ్వరం, ఆ తరువాత లింగరాజు, అంతే. ముక్తేశ్వరాలయం 10వ శతాబ్దిది. ఎత్తు ముప్పై అయిదు అడుగులకు అటూఇటూ మాత్రమే. అంత చిన్నది కావడమే పిల్లలున్నవారికి దాని వరం. తల ఎత్తి మెడ నొప్పి పుట్టనక్కర లేకుండా, కంటి ఎత్తులోనే శిల్పమంతా అందుతుంది. ముందున్న రాతి తోరణం కింద నిలబడి గుడిని చూడండి. తరువాత పిల్లలను జాలక కిటికీల దగ్గరకు తీసుకువెళ్లి, వాటి అంచుల్లో ఆటలాడుతున్న కోతులను వెతకమనండి. లోపలి మండపం పైకప్పులో చెక్కిన పద్మాన్ని మీ అత్తగారికి చూపించండి. సాయంత్రం నాలుగు దాటాక ఏటవాలు వెలుగులో ఆ రాయి ఎర్రబడుతుంది, జనమూ పలచగా ఉంటారు. ఈ ప్రయాణంలో ఎవరూ ఫిర్యాదు చేయని చోటు ఏదైనా ఉందంటే అదే.

లింగరాజస్వామి ఆలయం 11వ శతాబ్ది నాటిది, నూట ఎనభై అడుగుల ఎత్తు. అది నిత్యపూజలందుకునే గుడి కాబట్టి అక్కడ మనం యాత్రికులమే గాని సందర్శకులం కాము. ఫోన్లు లోపలికి అనుమతించరు. రాతి పలకలు ఎగుడుదిగుడుగా ఉంటాయి కాబట్టి పెద్దావిడ చేయి పట్టుకుని నడిపించండి. హిందువులు కాని మిత్రులెవరైనా మీతో వస్తే ఇక్కడా, పూరీలోనూ లోపలికి ప్రవేశం లేదని వారికి ముందే చెప్పడం మర్యాద. గుమ్మం దగ్గర తెలిస్తే అందరికీ ఇబ్బంది.

రెండో రోజు ఉదయం ఉదయగిరి, ఖండగిరి. ఈ జంట కొండల్లో ఉదయగిరి ఒక్కటే చాలు. రోడ్డుకు అవతలి ఖండగిరి మీద గుహలూ, శిఖరాన జైనాలయమూ ఉన్నాయి గాని, రెండూ ఎక్కేసరికి పిల్లల ఓపిక అయిపోతుంది. క్రీస్తుపూర్వం 1వ శతాబ్ది ప్రాంతంలో కళింగాన్ని ఏలిన ఖారవేలుడి కాలంలో జైన మునుల కోసం తొలిచిన గుహలివి. రెండంతస్తుల రాణీగుంఫా ముందున్న ఆవరణ విశాలంగా, ఇంచుమించు చదునుగా ఉంటుంది. మోకాళ్ల నొప్పులున్నవారు అక్కడి వరకు వచ్చి నీడన కూర్చోవచ్చు. పై గుహలకు మాత్రం మెట్లు ఎక్కాలి. పిల్లలకు ముందుగా చూపవలసింది వ్యాఘ్రగుంఫా. పెద్దపులి నోరు తెరిచినట్టు చెక్కిన గుహ అది. పై దవడ పళ్ల కిందుగా గుమ్మం ఉంటుంది. ఇంతవరకు ఆ నోటి ముందు ఫొటో దిగనని మొరాయించిన పిల్లవాడిని నేను చూడలేదు. కొండముచ్చులు తిరుగుతుంటాయి కాబట్టి చేతిలో తినుబండారాలు ఉంచకండి.

హాథీగుంఫా శాసనం దగ్గర చాలామంది నిరాశ పడతారు. తల ఎత్తి చూస్తే, అరిగిపోయిన బ్రాహ్మీ అక్షరాల వరుసలు పదిహేడు, అంతే. ఏం రాసి ఉందో చెప్పేవారు లేకపోతే అది గీతలు పడ్డ బండ. కాబట్టి మీరే చెప్పండి. ఖారవేలుడు పదిహేనేళ్ల వరకు ఆటపాటల్లో గడిపి, ఆ తరువాత రాత, నాణేలు, లెక్కలు, న్యాయవ్యవహారం నేర్చుకుని, ఇరవై నాలుగేళ్ల వయసులో పట్టాభిషేకం చేసుకున్నాడని అందులో ఉంది. రాజైన మొదటి ఏడాది చేసిన మొదటి పని, తుఫానుకు దెబ్బతిన్న తన రాజధాని ద్వారాలను, ప్రాకారాన్ని, ఇళ్లను బాగుచేయించడం. విశాఖవాసులకు ఈ వాక్యాన్ని వేరే విడమరచి చెప్పనక్కర లేదు. మా బృందంలో ఒకసారి ఈ మాట చెప్పగానే, అంతవరకు దూరంగా మెట్టు మీద కూర్చుని చున్నీతో విసురుకుంటున్న ఒకావిడ లేచి వచ్చారు. 2014లో హుద్‌హుద్ వెళ్లాక తమ వీధిలో కరెంటు ఎప్పుడొచ్చిందో, నీళ్లకు ఎంత దూరం నడిచారో పిల్లలకు చెబుతూ ఆ శాసనం కిందే చాలాసేపు నిలబడిపోయారు.

మధ్యాహ్నం భోజనం చేసి గదిలో పడుకోండి. ఈ విశ్రాంతిని వృథా అనుకోవద్దు. మిగిలిన రెండు రోజులు సజావుగా సాగడానికి ఇదే ఆధారం. పిల్లలు నిద్రపోమంటే మీలో ఒకరు వారిని ఒడిశా రాష్ట్ర మ్యూజియానికి తీసుకువెళ్లి, చిత్రాలతో ఉన్న తాళపత్ర గ్రంథాలను చూపవచ్చు. సోమవారం మాత్రం అది మూసి ఉంటుంది.

సాయంత్రం ధౌళి. ఊరికి దక్షిణంగా దయా నది పక్కనున్న చిన్న కొండ ఇది. వాహనాలన్నీ నేరుగా పైకి, 1972లో కట్టిన తెల్లని శాంతి స్తూపం దగ్గరకు వెళ్లిపోతాయి. అసలు చూడవలసింది కొండ దిగువన, రోడ్డు పక్కనే ఉంది: అశోకుడి శిలాశాసనాలు, వాటి పైన బండలోంచి బయటికి వస్తున్నట్టు చెక్కిన ఏనుగు. డ్రైవరు ఆపకుండా పోనిస్తే ఆపమని చెప్పండి. కళింగ యుద్ధానికి అశోకుడు పశ్చాత్తాపపడ్డ శాసనం ఇక్కడే ఉందని చాలామంది గైడులు చెబుతారు, అది నిజం కాదు. ఆ మాటలున్నది పదమూడవ శిలాశాసనంలో; దాన్ని ధౌళిలో చెక్కించలేదు. దాని స్థానంలో, తోసలి నగరంలోని తన అధికారులకు ఇచ్చిన ప్రత్యేక ఆజ్ఞలున్నాయి. ప్రజలందరూ నా బిడ్డలు, వారిని అన్యాయంగా చెరసాల పాలు చేయకండి అన్న ధోరణిలో అవి సాగుతాయి. ఓడిన ప్రజల కళ్లెదుట తన విజయాన్నీ, దాని దుఃఖాన్నీ ఎత్తి చూపకూడదని అశోకుడు అనుకున్నాడేమో అని నా ఊహ. పదేళ్ల పిల్లవాడు ఈ విషయం మీద మీరు ఊహించని ప్రశ్నలు వేస్తాడు. పిల్లలకు మన తొట్లకొండ బౌద్ధ శిథిలాలు ఇదివరకే చూపించి ఉంటే పైనున్న స్తూపమూ కొత్తగా అనిపించదు. మెట్లు కొన్నే కాబట్టి మీ అత్తగారు నెమ్మదిగా ఎక్కగలరు.

మూడో రోజు కోణార్క్. ఈ ప్రయాణం తీపిగా మిగులుతుందా చేదుగా మిగులుతుందా అన్నది ఇక్కడే తేలిపోతుంది కాబట్టి కాస్త విస్తరించి చెబుతాను.

ఉదయం అయిదున్నరకల్లా భువనేశ్వర్‌లో గది ఖాళీ చేసి కారులో కూర్చోవాలి. సుమారు 65 కిలోమీటర్ల దారి. ఏడు, ఏడుంపావుకల్లా గుడి ముందు ఉంటారు. తూర్పు ముఖంగా ఉన్న గుడి కాబట్టి ఆ వేళ ముందు భాగమంతా వెలుగులో ఉంటుంది. తొమ్మిదిన్నర దాటాక పూరీ వైపు నుంచి బస్సులు దిగడం మొదలవుతుంది, పదకొండుకల్లా రాయి వేడెక్కుతుంది. ఆవరణలో నీడ చాలా తక్కువ. ప్యాకేజీ యాత్రల్లో ఇక్కడికి తెచ్చేది సరిగ్గా ఆ మధ్యాహ్నపు వేళకే. కోణార్క్‌లో ఏముంది, కూలిపోయిన రాళ్లు తప్ప అని తిరిగి వచ్చి అనేవారిని ఏ గంటకు చూశారని అడిగి చూడండి.

రెండో నిరాశ ముందుగా తెలియకపోవడం వల్ల వస్తుంది. ఈ గుడిలో లోపలికి వెళ్లడానికి లేదు, దేవుడూ లేడు. సూర్యుడి గర్భాలయ విమానం ఎప్పుడో కూలిపోయింది. నేడు ఠీవిగా నిలిచి ఉన్నది దాని ముందరి జగమోహనం అనే మండపం మాత్రమే. అది కూడా పడిపోకుండా 1903లో ఇసుకతో నింపి ద్వారాలు మూసేశారు. దాని ఎదుట పైకప్పు లేని నాట్యమండపం ఉంది. దర్శనం చేసుకుందామని కొబ్బరికాయతో వచ్చిన పెద్దవారు ఇక్కడ చిన్నబుచ్చుకోవడం సహజం. మీ అత్తగారికి బయలుదేరే ముందే ఈ విషయం చెప్పి, దేవుడి దర్శనం మరునాడు పూరీలో అని మనసు కుదుటపరచండి.

ఇప్పుడు సూర్యుడి రథంగా మలచిన ఆ గుడి చక్రాలు. పన్నెండు జతలు, అంటే ఇరవై నాలుగు. ఒక్కొక్కటి మనిషి కంటే ఎంతో ఎత్తు, సుమారు తొమ్మిదిన్నర అడుగులు. కొత్త పది రూపాయల నోటు వెనక కోణార్క్ గుడి బొమ్మే ఉంటుంది. ప్రతి పిల్లవాడి చేతికీ ఒక నోటు ఇచ్చి బొమ్మలో ఉన్నదాన్ని ఎదుట వెతకమనడం నాకు అలవాటు. ఒక చిన్నవాడు నోటును ముఖానికి దగ్గరగా పట్టుకుని, ఒక కన్ను మూసి, వెనక్కి వెనక్కి నడుస్తూ బొమ్మ, గుడి ఒకే కొలతకు వచ్చేదాకా ఊరుకోలేదు. వాళ్ల నాన్నగారు భుజం పట్టుకోకపోతే వెనకున్న గట్టు మీద పడేవాడే. చక్రంలో లావు ఆకులు ఎనిమిది, సన్నవి ఎనిమిది. ఇరుసు నీడను బట్టి లావు ఆకుకూ ఆకుకూ మధ్య మూడు గంటలుగా లెక్కగట్టి, అంచులోని పూసలతో నిమిషాలు సైతం చెబుతామంటారు గైడులు. శిల్పులు దీన్ని గడియారంగానే ఉద్దేశించారా అన్నది వేరే సంగతి. ఎండ పడే వైపు చక్రం దగ్గర ఆ లెక్క చూపిస్తే పిల్లలు కదలరు. దీని కోసమైనా గైడును పెట్టుకోండి, గుర్తింపు కార్డు ఉన్నవారిని చూసి రేటు ముందే మాట్లాడుకోండి. శిఖరంలో ఓడలను లాగేసే అయస్కాంతం ఉండేదన్న కథకు ఆధారం లేదు, కథగా వినండి. పన్నెండేళ్ల ధర్మపదుడు గుడికి కలశం నిలిపి సముద్రంలో దూకాడన్న కథ కూడా జనశ్రుతే. మీ పాప వయసుకు ఆ ముగింపు కాస్త బరువు.

శృంగార శిల్పాల గురించి మీరు అడగలేదు గాని, కుటుంబాలతో వచ్చేవారందరి మనసులో ఉండే సందేహం కాబట్టి చెబుతున్నాను. అవి ఉన్నాయి, చాలానే ఉన్నాయి, పెద్దవిగానే ఉన్నాయి. పిల్లల దృష్టి వారి ఎత్తుకు తగ్గట్టు పీఠం అడుగు వరుస మీద పడుతుంది. అక్కడ బారులు తీరిన ఏనుగులు, వేట, సైన్యం నడక ఉంటాయి. దక్షిణం వైపు జిరాఫీ అని చాలామంది గుర్తించే జంతువు ఒకటి రాజు ముందు కానుకగా నిలబడి ఉంటుంది. అది ఎక్కడుందో కనిపెట్టమని పందెం వేస్తే అరగంట గడిచిపోతుంది. అత్తగారు, కోడలు కలిసి నడిచేటప్పుడు గైడు అతిగా వివరించబోతే, వద్దని ఒక్క మాట చెబితే చాలు. పెద్దావిడ మండపాల మెట్లు ఎక్కనవసరం లేదు, గుడి చుట్టూ ఉన్న నేల చదునుగానే ఉంటుంది, అసలు శిల్పమంతా బయటి గోడల మీదే ఉంది. పదిహేనేళ్లలోపు పిల్లలకు టిక్కెట్టు లేదు. దగ్గర్లోని పురావస్తు మ్యూజియం శుక్రవారం మూసి ఉంటుంది.

తొమ్మిదిన్నరకు బయటపడి ఫలహారం చేసి, చంద్రభాగ తీరం మీదుగా పూరీకి సముద్రం పక్క దారి పట్టండి. 35 కిలోమీటర్లు, సరుగుడు తోపుల మధ్య ప్రయాణం. మనకు భీమిలి రోడ్డు ఉంది కాబట్టి అంతగా అబ్బురపడకపోవచ్చు.

పూరీలో మధ్యాహ్నం విశ్రాంతి తీసుకుని, సూర్యాస్తమయానికి గంట ముందే గుడి దగ్గరకు చేరండి; ఆ పూట దర్శనానికి వెళ్లకండి. జగన్నాథుడి శిఖరం రెండు వందల పదమూడు, పద్నాలుగు అడుగుల ఎత్తు. ప్రతిరోజూ సాయంత్రం ఒక సేవకుడు తాడూ నిచ్చెనా లేకుండా ఆ శిఖరం ఎక్కి నీలచక్రం మీద కొత్త జెండా కడతాడు. ఇది బయట నుంచే కనిపిస్తుంది, క్యూ లేదు, రుసుము లేదు. జనమంతా తల ఎత్తి ఊపిరి బిగబట్టి చూస్తారు. 2024 జనవరిలో ప్రారంభించిన ప్రదక్షిణ మార్గం వల్ల గుడి చుట్టూ చోటు విశాలమైంది, పెద్దవారు కూర్చుని చూడవచ్చు. సింహద్వారం ముందున్న అరుణస్తంభాన్ని కూడా అప్పుడే చూపించండి. ఒకే రాతిలో మలచిన ఆ స్తంభం మొదట కోణార్క్‌లో ఉండేది, 18వ శతాబ్దిలో మరాఠాల కాలంలో ఇక్కడికి తెచ్చి నిలిపారు. పొద్దున రథాన్ని చూసిన పిల్లలకు సాయంత్రం ఆ రథసారథి అరుణుడు ఎదురవుతాడు.

దర్శనం నాలుగో రోజు తెల్లవారుజామున. డిసెంబరు చివరి వారం, జనవరి ఒకటి, వారాంతాలు అయితే ఎంత పెందలాడే వెళ్లినా తోపులాట తప్పదు. మీ తేదీలను డిసెంబరు మొదటి పదిహేను రోజుల్లో, వారం మధ్యలోకి మార్చుకోగలిగితే ఈ సమాధానంలో మిగిలినవన్నీ మరిచిపోయినా ఫరవాలేదు. కార్లను దూరంగానే ఆపేస్తారు. ఫోన్లు, తోలు వస్తువులు బయట అప్పగించాలి. పొట్టి నిక్కర్లు, చేతుల్లేని దుస్తులు, చిరిగిన జీన్సులను 2024 నుంచి అనుమతించడం లేదు. సింహద్వారం లోపల ఇరవై రెండు మెట్లున్నాయి, అక్కడే జనం ఒత్తిడి కూడా ఎక్కువ. మీ అత్తగారిని మీరిద్దరూ చెరోపక్క పట్టుకుంటే పిల్లలను పట్టుకునేవారు ఉండరు. కాబట్టి రెండు విడతలుగా వెళ్లండి: ముందు మీవారు వారి అమ్మగారితో, వారు వచ్చాక మీరు పిల్లలతో. యాత్రా స్థలాలన్నింటిలో ఉన్నట్టే త్వరగా దర్శనం చేయిస్తామనే దళారులు బయట చుట్టుముడతారు. ఎవరితోనూ బేరానికి దిగకండి, కానుక ఇవ్వదలిస్తే రసీదు ఇచ్చే చోట ఇవ్వండి.

గుడి ఆవరణలోని ఆనందబజారులో మహాప్రసాదం తప్పక తీసుకోండి. కట్టెల పొయ్యి మీద మట్టికుండలు ఒకదాని మీద ఒకటి పేర్చి వండుతారు. ఉల్లి, వెల్లుల్లి మాత్రమే కాదు, బంగాళాదుంప, టమాటా కూడా వాడరు. కారం తగలదని మనవాళ్లు గొణగడం నాకు తెలుసు. ఆవకాయ సీసా హోటల్ గదిలో ఉండనివ్వండి, ఇక్కడికి వద్దు.

పూరీ సముద్రంలో పిల్లలను ఒంటరిగా వదలకండి, లాగు ఎక్కువ. శంఖువు ఆకారపు తెల్ల టోపీలు పెట్టుకుని స్నానఘట్టాల దగ్గర ఉండే నూలియాలను తోడు తీసుకోండి. వారిలో చాలామంది మన తీరం నుంచి వెళ్లి స్థిరపడిన మత్స్యకారుల సంతతి, తెలుగు మాట్లాడతారు. మీ అత్తగారికి నాలుగు రోజుల్లో మొదటిసారి మనసారా కబుర్లాడే మనిషి దొరుకుతాడు.

కొనుగోళ్ల మాట: పిపిలి గుడ్డ అతుకుపని గొడుగులు, తోరణాలు దారిలోనే దొరుకుతాయి, బేరమాడవచ్చు. డ్రైవరు తనంత తానుగా తీసుకువెళ్లే పెద్ద దుకాణాల్లో మాత్రం కొనకండి. నాలుగో రోజు రెండు మూడు గంటలు మిగిలితే పూరీకి దగ్గర్లోని రఘురాజ్‌పూర్ వెళ్లండి. ఆ ఊళ్లో ఇంటింటా పటచిత్రాలు వేస్తారు. చింతగింజల జిగురు, సుద్దపొడి పూసి గుడ్డను ఎలా తయారుచేస్తారో అరుగు మీద కూర్చోబెట్టి చూపిస్తారు. ఒడిస్సీ గురువు కేలుచరణ్ మహాపాత్ర పుట్టిన ఊరు కూడా అదే. చిత్రం కొనకపోతే ముఖం మాడ్చుకోరు గాని, పిల్లలకు చిన్న తాటాకు బొమ్మ ఒకటి కొనడం న్యాయం.

తిరుగు ప్రయాణపు టిక్కెట్లు మొదట తీసుకుని, ఆ తేదీలను బట్టి మిగిలినవి నిర్ణయించుకోండి. రిజర్వేషన్ ఇప్పుడు అరవై రోజుల ముందే తెరుస్తున్నారు. పూరీ నుంచి విశాఖకు నేరుగా వచ్చే బండ్లు తక్కువ. దొరకకపోతే కారులో ఖుర్దా రోడ్డు జంక్షన్‌కు వచ్చేయండి, హౌరా వైపు నుంచి వచ్చే బండ్లు చాలావరకు అక్కడ ఆగుతాయి. టిక్కెట్టు తీసుకునేటప్పుడు ఆ బండి విశాఖ స్టేషన్‌లోకి వస్తుందో, ఊళ్లోకి రాకుండా దువ్వాడ మీదుగా వెళ్లిపోతుందో ఒకసారి చూసుకోండి. అర్ధరాత్రి దువ్వాడలో దిగి, నిద్రపోతున్న పాపను భుజాన వేసుకుని ఆటో కోసం వెతకవలసిన పని ఉండదు.